పౌడర్ గన్ను, రబ్బరు గ్లౌజులు

2001లో గుంటూరు పొలిమేరలో, మిరప గోదాముల అవతల, ఒక రేకుల షెడ్డులో నేను పౌడర్ కోటింగ్ పని చేసేవాణ్ని. బోరు మోటార్లకి స్టార్టర్ పెట్టెలు ఉంటాయే, వాటికి రంగు వేసేది మేమే. ఇది తడి రంగు కాదు, గోధుమపిండి లాంటి మెత్తటి పొడి. గన్ నొక్కితే పొడికి ఛార్జ్ పట్టి, ఎర్త్ చేసిన ఇనుముకి తనంతట తానే వెళ్లి అతుక్కుంటుంది. ఎదురుగా కొడితే పెట్టె వెనక్కి కూడా చుట్టు తిరిగి పోయేది. మొదటిసారి చూసి నోరు తెరిచాను. తర్వాత ఓవెన్‌లో పెడితే కరిగి గట్టిపడుతుంది.

నా చేతికిచ్చిన కొత్త గన్ మీద అరవై వేల వోల్టులని రాసి ఉంది. రబ్బరు చెప్పులు లేకుండా మోటారు స్టార్టర్ ముట్టుకోకూడదని మా నాన్న చెవి మెలిపెట్టి నేర్పాడు. అందుకని రబ్బరు గ్లౌజులు, హవాయి చెప్పులు వేసుకునే గన్ పట్టాను. అయినా బూత్‌లో, అంటే పొడి బయటికి పోకుండా చుట్టూ రేకు కట్టిన గదిలో, గోడకి మోచెయ్యి తగిలితే చాలు, చురుక్కున కొట్టేది. మర్నాడు కాళ్ల కింద రబ్బరు పట్టా కూడా పరిచాను. ఇంకా గట్టిగా కొట్టింది. ఇక నావల్ల కాదు, శనివారంతో మానేసి మిరప యార్డులో బస్తాలు మోసుకుందామనుకున్నాను.

పెట్టెల్ని కొక్కేలకి తగిలించేది మరియమ్మ. నాకన్నా పదేళ్లు పెద్దది, అక్కా అనేవాణ్ని. అంతకుముందు పత్తి జిన్నింగ్ మిల్లులో, దూదిలోంచి గింజలు తీసే చోట చేసింది. బుధవారం పొద్దున నా మోచేతికీ గోడకీ మధ్య నీలం రవ్వ ఒకటి మెరిసింది. నేను చూడలేదు. మరియమ్మ చూసింది. ఒక్క అంగలో బోర్డు దగ్గరికి పోయి స్విచ్ ఆపేసింది.

ఓనరు గారు గదిలోంచే అరిచారు. "ఎవరాపింది? ఎల్లుండికి రెండొందల పెట్టెలు పోవాలి!"

"నేనేనండీ. రవ్వ లేచింది."

"రవ్వే కదా, కొంపేం మునిగింది?"

"మిల్లులో రవ్వ పడ్డ దూది ఎట్టా అంటుకుందో ఈ కళ్లతో చూశానండీ. గాల్లో ఎగిరే పొడి మాత్రం ఊరుకుంటదా? సంగతి తేలేదాకా నేను పెట్టె తగిలించను. తీసేస్తానంటే తీసెయ్యండి."

ఇద్దరు పిల్లల్ని ఆ కూలితోనే సాకుతున్న మనిషి అంత మాటంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఏరా, ఇన్ని రబ్బర్లు తొడుక్కున్న నీకే కొడతంది. పొద్దస్తమానం వట్టి చేత్తో ఆ ఇనుమే పట్టుకుంటన్నా, నాకు కొట్టదేందిరా?"

"నీకు భయం లేదక్కా, అందుకని."

"ఎవరికి భయముందో కరెంటుకేం తెలుసురా, తింగరోడా!"

ఓనరు గారు గొణుక్కుంటూనే ఫోన్ చేశారు. మధ్యాహ్నానికి విజయవాడ నుంచి మెకానిక్ వచ్చాడు. నన్ను చూస్తూనే, "ముందు ఆ గ్లౌజులు తియ్యి బాబూ" అన్నాడు. గన్ పిడికి ఎర్త్ ఉంటుందట. వట్టి అరచెయ్యి పిడిని పట్టుకుంటే ఒంటికి పట్టిన ఛార్జ్ అందులోంచి నేలలోకి పోతుంది. మరియమ్మ వట్టి చేత్తో ఎర్త్ ఉన్న ఇనుము పట్టుకున్నా అంతే. రబ్బరుతో దారి మూసేస్తే ఒంట్లోనే నిలవుండి, ఇనుము దగ్గర పడగానే రవ్వై దూకుతుంది. పొడి దట్టంగా కమ్మిన చోట ఆ ఒక్క రవ్వకే బూత్ అంతా భగ్గుమంటుంది. మోటారు దగ్గర ప్రాణం కాపాడే రబ్బరే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

కాళ్ల కింది రబ్బరు పట్టా లాగి బయట పడేశాను. ఆయన పెట్టెలకి ఎర్త్ అందేలా కొక్కేలకి పేరుకున్న రంగు గీకించి, ఎర్త్ వైరు బిగించి, ఛార్జ్‌ని నేలకి దింపే రకం బూట్లు తెప్పించమన్నాడు.

ఓనరు గారు లోపల్నుంచి తన కుర్చీ తెచ్చి మరియమ్మకి వేశారు.

"కుర్చీ ఎందుకండీ, రెండొందల పెట్టెలున్నాయిగా!" అని ఆమె కొక్కేల దగ్గరికి పోయింది.

తర్వాత ఎనిమిదేళ్లు ఆ గన్నే పట్టాను. జాగ్రత్తంటే ఒంటికి ఏదో ఒకటి తొడుక్కోవడమే అనుకునేవాణ్ని. ఏ పనికి ఏది జాగ్రత్తో తెలుసుకోవాలని, తెలియనప్పుడు ముందు పని ఆపాలని మరియమ్మక్క దగ్గర నేర్చుకున్నాను. కొత్తగా పనికి ఎవరొచ్చినా మొదట స్విచ్ బోర్డు దగ్గరికే తీసుకెళ్లేవాణ్ని. "అనుమానం వస్తే ఆపెయ్. ఎవరాపమన్నారని అడిగితే నా పేరు చెప్పు" అనేవాణ్ని.