పేరడగని మర్యాద

మా ముత్తాతను పెద్ద పటేలు అనేవారు. ఆయన గుర్రం దిగి కూర్చునేదాకా ఊళ్ళో ఎవరూ కూర్చునేవారు కారట. తాతను చిన్న పటేలు అనేవారు. ఆయన నాటికి గుర్రం లేదు కానీ దాని జీను ఉండేది. దానికే నూనె రాసి ఎండలో పెట్టేవారు. ప్రభుత్వం పటేలగిరి తీసేశాక మా నాయన పటేలు కొడుకయ్యారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ మాటా అరిగిపోయి నేను వట్టి 'వాళ్ళబ్బాయి'ని అయ్యాను. ఆ రోజుల్లో, అంటే పావగడ దగ్గర మా తిరుమణి చుట్టూ సోలార్ పలకలు కొత్తగా లేస్తున్న రోజుల్లో, ఎవరి తాత ఎవరో మా వైపు ఎవరికీ పట్టకుండా పోయింది. పటేలు భూమికీ గొర్రెలు కాసిన వాళ్ళ భూమికీ సోలార్ కంపెనీ ఇచ్చేది ఒకే కౌలు, వేసేది ఒకే కంచె. ఆ కంచె లోపల పలకలు కడిగేవాళ్ళ మీద నేను సూపర్‌వైజరుగా చేరాను. (నా కింద ఇద్దరు ఉండేవారు. వారిలో ఒకడు తరచుగా వచ్చేవాడు కాదు.)

హోదా పోయినా మా ఇంట్లో ఒక పద్ధతి మిగిలింది. గడప దగ్గరికి వచ్చి మర్యాదగా పలకరించిన మనిషిని, అతను కాళ్ళు కడుక్కుని అన్నం తినేదాకా పేరు, ఊరు, వచ్చిన పని అడగకూడదు. ముత్తాత కాలంలో ఒకాయన అలా వచ్చి, కొన్నాళ్ళు తిని, పడుకుని, ఎవరో చెప్పకుండానే వెళ్ళిపోయాడట. ఆయనతో పాటు ఇత్తడి చెంబు కూడా వెళ్ళిపోయింది. మా అవ్వ దీన్ని చెంబు పోయిన కథగా ఎన్నడూ చెప్పలేదు. "అడిగినామా? అడగలేదు. మేము పటేలోళ్ళం," అని గర్వంగా ముగించేది. నేనూ అలాగే విన్నాను.

ఊరి భూమంతా కౌలుకు పోతున్నా నాయన ఒక నాలుగెకరాలు ఇవ్వకుండా ఉంచారు. అదీ ఇచ్చేస్తే మనల్ని రైతులని ఎవరంటారని ఆయన వాదన. అందులోని బోరు ఎండిపోయింది. కొత్త బోరు వేయించడానికి ఆ ఏటి కౌలు డబ్బంతా నా ఖాతాలో ఉంచి, నీళ్ళు పడకపోతే ఆ చేను నిలుపుకోలేమని ఒకసారి చెప్పారు. ఏదీ రెండోసారి చెప్పే అలవాటు ఆయనకు లేదు.

సరిగ్గా అప్పుడే మా బావకు, అంటే మేనత్త కొడుక్కు, క్రిప్టో పిచ్చి పట్టింది. పావగడ బస్టాండు దగ్గర ఆయనకు మొబైల్ అంగడి ఉండేది. బోరు బండి వచ్చేలోపు డబ్బు పెరిగితే ఒక బోరుకు రెండు వేయించవచ్చని నాకు తోచింది. (గుర్రం ధర ఎంతుంటుందో కూడా ఒకరిద్దరిని విచారించాను.) బావ నా ఫోనులో వాలెట్ అనే సంచి ఒకటి పెట్టించి, డబ్బును కంటికి కనపడని క్రిప్టో నాణేలుగా మార్పించాడు. దానికి తాళంచెవి పన్నెండు ఇంగ్లీషు మాటలు. కాగితం మీద రాస్తే ఎవరైనా చూస్తారని వాటిని కంఠస్థం చేశాను.

"ఏంది రా అబ్బోడా, మంత్రమా?" అంది అవ్వ, నా గొణుగుడు విని.

"ఉద్యోగం మంత్రం, అవ్వా."

బావ మాత్రం గట్టిగా చెప్పాడు. "బామ్మర్దీ, ఆ మాటలు అడిగినోడు ఎవుడైనా దొంగే. దేవుడొచ్చి అడిగినా చెప్పొద్దు."

"దేవుడే వచ్చి అడిగితే లేదని ఎట్లంటాం బావా?"

"అందుకే నీకు చెప్తాండాను," అన్నాడు బావ.

ఒక రోజు ఆ నాణేలు అమ్ముదామంటే కదలలేదు. వాలెట్ వాడేవాళ్ళ గుంపు ఒకటి ఫోనులో ఉంటే, అందులో నా ఇబ్బంది, ఫోను నంబరుతో సహా, రాశాను. అక్కడ నా పేరు 'చిన్న పటేలు' అని ఉండేది. (తాత బిరుదు. ఊళ్ళో ఎవరూ పిలవనప్పుడు మనమే పెట్టుకోవాలి కదా.) కాసేపటికే ఫోను మోగింది.

"పటేలు గారేనా మాట్లాడేది?" అంది ఒక గొంతు. ఏ ఊరిదో తెలియని శుభ్రమైన తెలుగు. "వాలెట్ ఆఫీసు నుంచండీ. తమ ఇబ్బంది చూశాం."

నేను పలకల నీడలో కూర్చుని ఉన్నాను. వెన్ను దానంతటదే నిటారుగా అయింది. ఇంత మర్యాదగా గడపెక్కిన మనిషిని నువ్వెవరని ఎలా అడుగుతాను? "భోంచేసినారా?" అని అడిగాను.

బహుశా ఆ వృత్తిలో ఈ ప్రశ్న అతనికి మొదటిసారి ఎదురై ఉంటుంది. "ఇంకా లేదండీ. తమ పని అయ్యాకే."

ఆ మాటకు నేను పూర్తిగా పడిపోయాను. అతను ఒక లింకు పంపాడు. పేజీ తెరుచుకుంటే అందులో పన్నెండు గళ్ళు ఉన్నాయి. అరగంటలో పూర్తి చేయకపోతే వాలెట్ మూసేస్తారన్నాడు. ఆకలితో ఉన్న మనిషికి తొందర సహజమే అనుకున్నాను. ఎవరితోనూ అనవద్దన్నాడు, గుట్టు తెలిసిన మనిషి అనుకున్నాను. బావ మాట గుర్తుకు రాలేదని చెప్పను. వచ్చింది. కానీ బావ దేవుడి గురించి చెప్పాడు, ఈయన ఆఫీసు మనిషి. మాటలన్నీ తప్పు లేకుండా టైపు చేశాను.

"ఇక నేను భోంచేసి ఫోన్ చేస్తాను. అందాకా వాలెట్ తెరవకండి," అన్నాడు.

"నిదానంగా తినండి," అన్నాను.

సాయంత్రం బావ బండి మీద వచ్చేదాకా నేను వాలెట్ తెరవలేదు. సంగతి విని బావ ఫోను లాక్కుని చూశాడు. సంచిలో సున్నా ఉంది.

"చెయ్యప్పా ఫోను వానికి!"

"భోంచేస్తాండాడు బావా."

"పొద్దు గుంకతాండాది! ఏం తిండప్పా అది, పెండ్లి భోజనమా?"

చేస్తే ఆ నంబరు పలకలేదు. ఇంటికి వెళ్ళి చెప్పాను. నాయన వక్క కత్తిరిస్తున్నారు. కత్తెర ఆగింది.

"పేరేంది వానిది?"

"అడగలేదు నాయనా."

"యాడుంటాడు?"

"అడగలేదు."

నాయన అరవడానికి నోరు తెరిచారు. ఇంతలో లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది. "ఎట్లడుగుతాడు రా? పాపం, వాడింకా అన్నమే తినలేదంట!"

నాయన నోరు మూసుకున్నారు. "అయితే బోరు లేదు," అని మళ్ళీ వక్క కత్తిరించుకున్నారు.

మర్నాడు పావగడ పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాసుకునే ఆయన కూడా పేరు, ఊరు అడిగాడు. మా పద్ధతి వివరించాను. ఆయన కలం పక్కన పెట్టి, "మీ ఇల్లు యాడప్పా? ఒగ దినం భోజనానికి వస్తాను," అన్నాడు. మొబైల్ అంగడి ముందు బావ ఈ కథను చాలాకాలం చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఆ భోజనంలో వంటకాలు పెరిగేవి.

అలాంటి ఫోన్లు నాకు ఇప్పటికీ వస్తాయి. తొందరపెట్టే గొంతు వినగానే "ఎవురు నువ్వు? యాడిది మీది?" అని మొదలుపెడతాను. ఊరి పేరు చెప్పేదాకా ఎవరూ ఆగరు. అయినా ఒక్కోసారి, పలకల నీడలో ఫోను ఒళ్ళో పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని వాడి భోజనం అయ్యేదాకా ఓపికగా కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తుకొస్తాడు. నవ్వొస్తుంది. అంత మర్యాదగా నేను మళ్ళీ ఎవరి కోసమూ ఎదురుచూడలేదు.

ఆ వేసవిలో బోరు బండి రాలేదు. నాలుగెకరాలూ పక్క ఊరు రాయచెర్లులో గొర్రెలున్న ఒక కుటుంబానికి అమ్మేశాము.