ఖాళీ కాయితం కింద సంతకం

నా చిన్నప్పుడు, లక్సెట్టిపేట దగ్గర మా ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతుండగా, మా సోషల్ సారు ఒకరోజు తెల్ల కాగితం తెచ్చి, కింద అందరినీ వరుసగా సంతకాలు పెట్టమన్నారు. మమ్మల్ని సంతకం అడగడమే మాకు గొప్ప. ఎందుకని ఒక్కరూ అడగలేదు. నేనైతే సోకుగా కింద గీత కూడా గీశాను. అప్పుడాయన తాపీగా పైన రాసి చదివారు: మాకు నెల రోజులు ఆటల పీరియడ్ వద్దు. క్లాసంతా గోల. మేం అలా అనలేదని మొత్తుకున్నాం.

"గీ సంతకం మీదేనా, కాదా?" అన్నారు సారు. పైన ఎవరేం రాసుకున్నా అది మన మాటే అయి కూర్చుంటుందనీ, కాదని నిరూపించుకోవడానికి కోర్టుల చుట్టూ తిరగాలనీ చెప్పారు.

ఈ సంగతి ఇంట్లో చెప్పాలని ఒకటే ఆరాటంతో పరుగెత్తాను. వాకిట్లో మంచం మీద బాపు పక్కన ఆయన అన్న, మా పెదబాపు, కూర్చుని ఉన్నాడు. చేతిలో స్టాంపు కాగితాలు, వాటి మీద ఒక్క అక్షరం లేదు. తాత పోయాక భూమి పంపకాలు రాయించాలట, ముందుగా బాపు సంతకం కావాలట. కాలువ పక్క మడి మాకన్నది పెద్దల మాట. అది పోతే మాకు మిగిలేది నీళ్లందని రాళ్ల చెలక.

"బాపూ, ఖాళీ కాయితం. రాసినంక పెట్టు," అన్నాను.

పెదబాపు నవ్వాడు. "నీ బిడ్డకు నా మీద అనుమానమురా."

బాపు సిగ్గుతో చితికిపోయాడు. మా ఇళ్లలో అన్న తెచ్చిన కాగితాన్ని తమ్ముడు చదివి చూడటమంటే అన్నను దొంగ అన్నట్టే. "అన్న ముందట గట్ల మాట్లాడుతరా? లోపటికి పో," అని నన్ను కసిరి, సంతకం పెట్టాడు. నేను గుమ్మం పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. తెలిసి కూడా ఆపలేకపోయినందుకు ఏడుపొచ్చింది.

ఆ వానాకాలానికి కాలువ పక్క మడి పెదబాపుదైంది. అదే మడిలో మా అమ్మ కూలికి నాట్లేసింది. బాపు పంచాయితీ పెట్టలేదు. సంతకం తనదే కదా అన్నాడు. "నువ్వు చెప్పినవ్ బిడ్డా," అని మాత్రం ఒకసారి అన్నాడు, నా వైపు చూడకుండా.

ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసి, శనివారాలు అదే స్కూలుకు వెళ్లి పిల్లలకు బ్యాంకు ఫారాలూ ఒప్పంద పత్రాలూ చదవడం నేర్పుతున్నాను. సారు చేసిన తమాషానే నేనూ చేస్తాను. మొన్న ఒక పిల్ల లేచి నిలబడింది.

"మేడం, మేం చదివి చెప్పినా మా బాపు ఇనకపోతే?"

క్లాసంతా నా వైపే చూస్తోంది. నా చేయి ఆనాటిలాగే పక్కనున్న గుమ్మాన్ని పట్టుకుంది.

"అయినా చెప్పాలె బిడ్డా," అన్నాను. అంతకు మించి నాకు ఇప్పటికీ తెలియదు.