రెండు టవర్ల మధ్య ఎండ

మా అక్క కూతురు మిన్నికి ఐదేళ్ళు. బ్లడ్ క్యాన్సర్‌కి చికిత్స జరుగుతోంది. విటమిన్ డి బాగా తగ్గిందని డాక్టర్ మందు రాసి, రోజూ కాసేపు ఎండలో కూర్చోబెట్టమన్నారు. కొత్తగూడలో మా రెండు టవర్ల మధ్య ఎండ పడేది పిల్లల పార్కులో ఒక్క బెంచీ మీదే.

ఈ ఉదయం అక్కడ కూర్చోగానే అసోసియేషన్ సెక్రటరీ ఆంటీ వచ్చారు. మిన్ని గుండు వైపు చూడకుండా నాతో మాట్లాడారు.

"ఏమనుకోకమ్మా, జర పాపను ఇంట్ల కూసోబెట్టు. మా పిల్లలు పరేషాన్ అయితున్నరు."

"అయితే టెర్రస్ మీదికి తీసుకెళ్తాను. తాళం ఇస్తారా ఆంటీ?"

"ఆడ లిఫ్టు కరెంటుకు పెట్టిన సోలార్ ప్యానెళ్ళున్నయి గద. ఎవ్వరినీ పోనియ్యం."

"పైన ఎండ లిఫ్టుకి, కింద ఎండ మీ పిల్లలకి. మరి మా పాపకి?"

నేను ఎవరితోనూ ఇంత మాట్లాడను. ఆవిడ వెళ్ళిపోయారు. సాయంత్రానికి అపార్ట్‌మెంట్ గ్రూపులో, పార్కు ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు మాత్రమే అని నోటీసు వచ్చింది. దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు.

రేపు కూడా అదే బెంచీ మీద ఉంటాం. చప్పట్లు కొట్టినవాళ్ళు వచ్చి ఆ మాట మిన్నికే చెప్పండి. తనకి ఇంకా చదవడం రాదు.