ఇంజన్ వేడినీళ్లు

కారేపల్లి బడి దోస్తులారా, నిన్న ఖమ్మంలో రహీం భాయ్ లేత్ షాపులో కూర్చున్నాను. ఆయన కాలిన ఇనుప కడ్డీని నూనె తేలుతున్న నీళ్లలో ముంచాడు. బుస్సుమని లేచిన ఆవిరిలో కారేపల్లి స్టేషన్ వాసన వచ్చింది.

బొగ్గుబండి ఆగగానే మనమంతా బిందెలతో ఉరికేవాళ్లం, గుర్తుందా? డ్రైవర్ ఇంజన్ పైపు తిప్పి వేడినీళ్లు పోసేవాడు. అమ్మ ఆ నీళ్లతోనే నాకు తలంటేది. బడిలో నా జుట్టు వాసన చూసి మీరంతా "కూ" అని కూసేవాళ్లు.

ఇప్పుడు ఆ మాట చెబుదామంటే ఇంట్లో ఎవరూ లేరు.

మనిషి ఎక్కి తిరిగే చిన్న ఆవిరి ఇంజన్ చేయాలని ఎప్పుడో తెచ్చిన రాగిరేకు మూలన పడి ఉంది. నిన్న దాన్నే షాపుకు తీసుకెళ్లాను.

"ఒకపారి కోస్తే మళ్ల గిట్ల రాదు సార్. గంగాళం చేపిస్తే స్నానానికన్న పనికొస్తది" అన్నాడు రహీం భాయ్. "గీ ఇంజన్ మీద ఎవరు కూసుంటరు?"

"నేనే."

"మరి ఎనక రైలుడబ్బాల ఎవరు?"

రాగిరేకును ఆయన ముందుకు జరిపాను.

"ముందుగాల బాయిలర్‌కు కొయ్యి భాయ్" అన్నాను. ఆయన నవ్వి కోశాడు.

మీలో ఎవరైనా ఇంకా ఇటువైపే ఉంటే చెప్పండి. వెనక డబ్బా కొలత రహీం భాయ్‌కు ఇంకా ఇవ్వలేదు.