ఓదెలుకు పడని సూది

నర్సమ్మ ఇప్పటికీ ఫ్యాను వేసుకోదు. చందానగర్‌లో ఆమెది రేకుల గది. ఎండాకాలం నిప్పుల కొలిమిలా ఉంటుంది. అయినా స్విచ్చి మీదికి చెయ్యి పోదు.

ఆమె భర్త ఓదెలు పెద్దపల్లి దిక్కు నుంచి బతకడానికి వచ్చి, తెల్లాపూర్‌లో విల్లాల గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా చేరాడు. ఒక పొద్దున డ్యూటీ దిగి వస్తుంటే వీధికుక్క పిక్క పట్టుకుంది. దారిలో కనబడిన అద్దాల ఆసుపత్రికి వెళ్లాడు. "ఇన్సూరెన్స్ కార్డు ఉందా?" అని అడిగింది కౌంటర్లో అమ్మాయి. అతన్ని పనిలో పెట్టిన ఏజెన్సీ వాళ్లు అలాంటిదేమీ ఇవ్వలేదు. సూదుల ఖర్చు విని వెనక్కి తిరిగాడు.

"జరంత గీరుకపోయింది, ఫికర్ చెయ్యకు," అన్నాడు ఇంటికొచ్చి. నర్సమ్మ పసుపు అద్దింది. గాయం మానింది. ఇద్దరూ మరిచిపోయారు.

నెల దాటాక జ్వరం వచ్చింది. కుక్క కరిచిన కాలు తిమ్మిరెక్కుతోందన్నాడు. మర్నాడు నీళ్లు తాగబోతే గొంతు బిగుసుకుపోయి చెంబు విసిరికొట్టాడు. "ఫ్యాన్ బంద్ చెయ్యే, గాలి కోస్తున్నది!" అంటూ గోడకు అతుక్కుపోయాడు.

పెద్ద దవాఖానలో డాక్టరు ఆమెను పక్కకు పిలిచాడు. "కరిచినప్పుడే సూదులు వేయించాల్సిందమ్మా. ఇప్పుడు మా చేతుల్లో ఏం లేదు. మీ సర్కారు బస్తీ దవాఖానల పైసా లేకుండ ఊరికే వేస్తరు గదా?"

ఊరికే! హైటెక్ సిటీ ఆఫీసులో ఊడ్చే పనికి నర్సమ్మ రోజూ బస్సెక్కేది ఆ బస్తీ దవాఖాన ఎదుటే.

ఓదెలు పోయాక ఆమె తర్వాతి స్టాపుదాకా నడిచి బస్సెక్కడం మొదలుపెట్టింది. ఆఫీసులో వాష్‌రూము కడుగుతుంటే, కుళాయి చప్పుడు వెనక అతని కేక వినబడేది. కుళాయి కట్టేస్తే ఆగేది.

పోయిన వానాకాలం పక్కగది రజిత కూతురు సరితను కుక్క కరిచింది. నర్సమ్మ వెళ్లేసరికి రజిత గాటు మీద కారం అద్దుతోంది.

"చిన్న గాటే అక్కా. దవాఖానకు పోతే కార్డులు గిట్ల అడుగుతరు."

నర్సమ్మ కారం డబ్బా లాక్కుని బయటికి విసిరేసింది. "సర్కారు దవాఖానల ఏ కార్డూ అడగరు. తెల్వక నేను మనిషిని పోగొట్టుకున్న. నువ్వు తెలిసి పోగొట్టుకుంటవా?"

పిల్ల కాలిని సబ్బుతో కడిగి, చంకనేసుకుని, ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన ఆ బస్తీ దవాఖాన గడప ఎక్కింది. లోపల సిస్టరు చిన్న సీసాలోంచి మందు తీసింది.

"గింతేనా అమ్మా?" అంది నర్సమ్మ.

"ఇంతే. మందు సర్కారు కొంటది. చెప్పిన రోజుల్ల వచ్చుడే మీ పని."

సరిత ఏడ్చింది. ఆ సీసా వంక చూస్తూ నర్సమ్మ అంతకంటే ఎక్కువ ఏడ్చింది.

ప్రతి సూదికీ తనే తీసుకువెళ్లింది. సరితకు ఏమీ కాలేదు, బడికి పోతోంది. అయినా పిల్ల కనబడినప్పుడల్లా నర్సమ్మ దగ్గరికి పిలిచి నుదురు తాకి చూస్తుంది.

"సూదులన్నీ అయినయ్ గదక్కా, ఇంకేం పరేషాన్?" అంటుంది రజిత.

 బయట పిల్ల ఆడుకునే చప్పుడు కాస్త ఆగితే చాలు, నర్సమ్మ చేతిలో పని వదిలేసి తలుపు దగ్గరికి పరిగెత్తుతుంది.