ఖాళీ వెయిట్‌లో బంగారం

మా తమ్ముడికి కోరుట్లలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే దుకాణం ఉంది. అక్కడ రిపేరు తక్కువ, బాక్సింగ్ ఎక్కువ. బల్ల మీద విప్పిన ఫోన్లు పడి ఉంటాయి, గిరాకీలు బెంచీ మీద కూర్చుని ఆవలిస్తుంటారు, వీడు మాత్రం ఏ దేశంలోనో జరిగిన పోటీని వెనక్కి తిప్పి తిప్పి చూస్తుంటాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా గ్లౌజులు తొడిగిన మనిషి కాదు. ఇంట్లో బల్లి కనపడితే మా మరదలిని పిలుస్తాడు. అయినా ప్రపంచంలో ఎవడు గొప్ప బాక్సరో తేల్చే అధికారం తనకే ఉందని వాడి నమ్మకం.

వాడి లెక్క చాలా సులువు. ఓడనివాడే గొప్పవాడు. ఇప్పటి చాంపియన్ ఒకాయన ఇంతవరకు ఓడలేదట, కాబట్టి పుట్టినవాళ్ళలోనూ పుట్టబోయేవాళ్ళలోనూ ఆయనను మించినవాడు లేడట.

"అక్కా, పాతోళ్ళందరు ఓడినోళ్ళే. ఒక్కొక్కడు ఎన్నిసార్లు తన్నులు తిన్నడో చూస్తే నువ్వే నవ్వుతవు. మావోడు చూడు, జీరో! ఒక్క మచ్చ లేదు," అంటాడు.

"మీవోడు ఏడాదికి ఎన్నిసార్లు కొట్లాడుతడురా?"

"ఒక్కసారి. ఒక్కో ఏడు గది గూడ ఉండది. పెద్దోళ్ళు ఊకూకె కొట్లాడరక్కా."

ఆ 'పెద్దోళ్ళు' అన్న మాటకు నాకు ఒళ్ళు మండేది. నేను జగిత్యాలలో సర్కారు బడిలో తెలుగు చెబుతాను. పంతులమ్మకు ఈ గుద్దులాటల గొడవ ఎందుకంటారా? నా బిడ్డ వల్ల. అది హైస్కూల్లో ఉండగా గ్లౌజులు తొడిగింది, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. అది వీడియోలు చూస్తుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతూ నేనూ చూశాను. పాతవాళ్ళవీ చూశాను, ఇప్పటివాళ్ళవీ చూశాను. చూసి చూసి నాకూ ఒక అభిప్రాయం ఏర్పడింది. దాన్ని ఎవరడిగినా చెబుతాను, అడగకపోయినా చెబుతాను.

ఇప్పటివాళ్ళు బలంలో తక్కువేమీ కాదు. తిండి మంచిది, డాక్టర్లు వెంటే ఉంటారు, ఒళ్ళు చూస్తే చెక్కి పెట్టినట్టుంటుంది. చిరకాలం చెప్పుకునే గొప్పవాళ్ళు కాగలరా అంటే, ఎందుకు కాలేరు? కాకపోతే వాళ్ళకే ఆ కోరిక లేదు. ఒక్కో బరువుకు నలుగురేసి చాంపియన్లు, తలా ఒక బెల్టు. ఒకే బజార్లో నాలుగు మిఠాయి దుకాణాలు 'అసలైన పాత దుకాణం మాదే' అని బోర్డు పెట్టుకున్నట్టుంటుంది. ఆ నలుగురూ ఒకరి ఎదుట ఒకరు నిలబడరు. తమను ఓడించగలవాడు ఒకడున్నాడని తెలిస్తే, వాడికి వయసు మళ్ళేదాకా ఆగుతారు. అంత ఓపిక లేకపోతే బరువు మార్చేస్తారు. ఈలోగా ఫోన్లలో తిట్టుకోవడం, మైకుల ముందు తోసుకోవడం, చొక్కాలు విప్పడం. ఆ కోతలకయ్యే ఊపిరి రింగులో ఖర్చు చేస్తే చూసేవాళ్ళకు పుణ్యం. పాతవాళ్ళు ఓడారు, నిజమే. ఓడగొట్టినవాడి దగ్గరికే మళ్ళీ వెళ్ళారు. దవడ పగిలినా వెళ్ళారు. వాళ్ళ ఓటములు చూసి నేనైతే నవ్వలేదు.

ఇలా అంటే మా తమ్ముడు, "నీకు తెల్వదు తియ్యక్కా, నువ్వు వ్యాకరణం చెప్పుకో," అనేవాడు. చెప్పుకుంటానులే, వాడి చాంపియన్‌ను చూసుకుని వాడు మురిసిపోతే నాకేం నష్టం అనుకున్నాను. కానీ వాడు ఆ తెలివంతా తెచ్చి నా బిడ్డ మీద పెట్టాడు.

మా అమ్మాయి కూడా ఓడలేదు. ఎలా ఓడలేదో చెబుతాను వినండి. మా వైపు పోటీలకు వచ్చే ఆడపిల్లలే తక్కువ. మొదటిసారి ఎదుటి పిల్లకు జ్వరమొచ్చి రాలేదు, దీనికి బంగారు పతకం వేశారు. ఆ తర్వాత ఒక పిల్ల రింగెక్కింది గాని, ముక్కు మీద ఒక్కటి తగలగానే ఏడుస్తూ దిగిపోయింది. మరోసారి ఆ బరువులో దీని పేరొక్కటే ఉంది. రింగు మధ్యన దీన్ని ఒంటరిగా నిలబెట్టి, రిఫరీ చెయ్యి పైకెత్తి, గెలిచిందన్నాడు. ఎవరి మీద గెలిచిందో ఆయనకే తెలియాలి.

దానికి మా తమ్ముడు కోరుట్ల బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. 'ఓటమి ఎరుగని ఆడపులి' అని రాయించాడు. ఆడపులి బొమ్మ ఓ మూలన చిన్నగా ఉంది. మధ్యలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చేతులు జోడించి, మా తమ్ముడే నిలువెత్తున ఉన్నాడు. నా బిడ్డ ఆ ఫ్లెక్సీ చూసి బస్సులో తల దించుకుంది.

"అమ్మా, నేను ఎవ్వల మీద గెలిచిన్నే? నాకు అసలు కొట్లాడొస్తదా రాదా, నాకే తెల్వది," అంది ఇంటికొచ్చాక. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు దాన్ని చూస్తే జాలేసింది, మా తమ్ముడిని తలచుకుంటే పళ్ళు పటపటలాడాయి.

అలాంటి సమయంలో సిరిసిల్ల పిల్ల సంగతి తెలిసింది. పవర్‌లూమ్ కార్మికుడి బిడ్డ, మా అమ్మాయి బరువే. ఎదురొచ్చిన వాళ్ళనందరినీ కొట్టి పంపుతోందని చెప్పుకున్నారు. ఉమ్మడి జిల్లా సెలెక్షన్లు సిరిసిల్లలోనే పెట్టారు. మా అమ్మాయి మొహం వెలిగిపోయింది. ఆ పిల్లతో ఆడితే తానేమిటో తెలిసిపోతుంది. దానికి కావలసింది అదొక్కటే.

ఆ వారమే మా తమ్ముడు అరటిపళ్ళ గెల, గుడ్ల ట్రే మోసుకుని జగిత్యాల వచ్చాడు.

"కనుక్కున్ననక్కా. పై వెయిట్ ఖాళీ ఉన్నది. ఒక్క పిల్ల లేదు. జెరంత బరువు పెరిగిందనుకో, గా వెయిట్ల పడుతది. కొట్లాడకుంటనే గోల్డ్. సీదా స్టేట్‌కే!"

"సిరిసిల్ల పిల్ల సంగతేందిరా మరి?"

"ఆమెతోని మనకేం పని? ఓడితే జీరో పోతది గద!"

కోచ్‌ను అడిగాను. ఆయన ఇబ్బందిగా నవ్వి, "అందరు గట్లనే చేస్తరు మేడం. ఖాళీ వెయిట్ల వచ్చిందని సర్టిఫికెట్ మీద రాయరు గద," అన్నాడు. బాగుంది వరస. పిల్లలకు గుద్దడం నేర్పమని పంపిస్తే తప్పించుకోవడం నేర్పుతున్నారు. దుబాయిలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేసి చెబితే, "మీ అక్కాతమ్ముళ్ళ లొల్లిల నేను రాను," అని పెట్టేశాడు. మా ఇంట్లో ధైర్యం ఎవరికుందో నాకప్పుడే అర్థమైంది.

పిల్ల మాత్రం గుడ్లు పక్కింటి పిల్లలకు పంచింది, అరటిపళ్ళు మా బడికి పంపించింది, తెల్లారకముందే మల్యాల రోడ్డు పట్టుకుని పరుగెత్తింది. మామ ఫోన్ చేసి, "తింటున్నవా బిడ్డా?" అంటే, "తింటున్న మామా," అనేది. అలా అబద్ధమాడినందుకు నేనేమీ అనలేదు.

సెలెక్షన్ల రోజు సిరిసిల్లలో దిగాం. నేనూ మా తమ్ముడూ పుట్టిన ఊరే అది. హాలు పక్క గల్లీలోంచి బట్ట నేసే సాంచాల చప్పుడు వినిపిస్తోంది. లోపల ఆ పిల్ల తాడాట ఆడుతోంది. సన్నగా, నల్లగా ఉంది, భుజాలు రాయిలా ఉన్నాయి. తాడు నేలకు తగిలే చప్పుడు తప్ప పాదాల చప్పుడు లేదు. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. ఇన్నాళ్ళూ ఎవరెవరినో పిరికివాళ్ళని ఎగతాళి చేశాను. అక్కడ నిలబడితే నా బిడ్డ ముక్కూ పళ్ళూ మాత్రమే కనిపించాయి.

మా తమ్ముడు నా భయం కనిపెట్టాడు. పిల్లను తూకానికి పిలిచే ముందు, పెద్ద నీళ్ళ సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"బరువు అంచు మీదున్నదక్కా. గిది తాగితే కాంట దాటుతది, పై వెయిట్ల పడుతది. నేను చెప్తె వింటలేదు. నువ్వు తాగుమంటే తాగుతది. తల్లివి, నువ్వే ఆలోచించు."

సీసా పట్టుకుని నిలబడ్డాను. నా బిడ్డ వచ్చింది. సీసా చూసింది, నన్ను చూసింది.

"అమ్మా, నువ్వు గూడనా?"

నేను మూత తీసి, గటగటా ఆ నీళ్ళన్నీ నేనే తాగేశాను. చీర తడిసిపోయింది. మా తమ్ముడు నోరు తెరిచాడు. "నీకు పిచ్చా అక్కా?" అన్నాడు. నా బిడ్డ వెళ్ళి కాంటా ఎక్కింది, తన బరువులోనే నిలబడింది.

ఇక పోటీ సంగతి. గెలిచిందని రాస్తే మీకు సంతోషంగా ఉంటుంది గాని, గెలవలేదు. మొదటి రౌండంతా నా బిడ్డ దెబ్బలే తిన్నది. ఎటు వెళ్తే అటు ఆ పిల్ల ముందే ఉంది. రెండో రౌండులో ముక్కు పగిలింది, రిఫరీ ఆపి అంకెలు లెక్కపెట్టాడు. నేను కుర్చీలోంచి లేచి "చాలు" అనబోయాను, అది నావైపు చూడనేలేదు. చివరి రౌండులో మాత్రం ఎడమచేత్తో ఒక్కటిచ్చింది. సిరిసిల్ల పిల్ల వెనక్కి అడుగేసింది. ఆ రోజు ఆ పిల్ల వెనక్కి తగ్గడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ పిల్ల చెయ్యి పైకెత్తారు. న్యాయంగానే ఎత్తారు.

ఓటమి ఎరుగని ఆడపులి మామ అప్పటిదాకా హాలు బయట ఉన్నాడు. ఫోన్ వచ్చిందట. లోపలికి వచ్చి, "జడ్జీలు అమ్ముడుపోయిండ్రు. సిరిసిల్లల పెట్టినంక గిట్లనే అయితది. గీ ఊరోళ్ళే గంత," అన్నాడు. వాడు పుట్టింది ఆ ఊళ్ళోనే, మా నాన్న సాంచాలు నడిపింది ఆ ఊళ్ళోనే. ఆ పూటకు అదంతా మరిచిపోయాడు. ఫ్లెక్సీ ఎప్పుడు విప్పిస్తావురా అని అడిగితే అటు తిరిగి ఫోన్ చూసుకున్నాడు.

నా బిడ్డ ముక్కులో దూది పెట్టుకుని ఆ పిల్ల దగ్గరికి వెళ్ళింది. పక్కనే ఆ పిల్ల తండ్రి ఉన్నాడు, నూలు పోగులు అంటుకున్న చొక్కాతో.

"మంచిగ కొడుతున్నవ్. మళ్ళా ఆడుదమా?" అంది నా బిడ్డ.

ఆ పిల్ల జవాబు చెప్పకముందే తండ్రి అందుకున్నాడు. "మళ్ళా ఎందుకు బిడ్డా? గెలిచినం గద. వచ్చేసారి మా పిల్లను పై వెయిట్‌కు పంపుతున్నం. ఆడ ఎవ్వలు లేరట."

"మంచి ఆలోచనన్నా!" అన్నాడు మా తమ్ముడు వెనకనుంచి. సిగ్గులేని మనిషి.

ఆ పిల్ల తల దించుకుని చేతి కట్లు విప్పుకుంటోంది. నా బిడ్డ ఆ పిల్ల తండ్రి వైపు తిరిగి, "కాకా, మీ పిల్ల యాడికి పోతే నేను గాడికే వస్త," అంది. ఆయన దాని మొహం మీది నెత్తురు చూసి కంగారుపడ్డాడు. కూతురి చెయ్యి పట్టుకుని గబగబా నడిపించాడు. గేటు దాకా వెళ్ళాక ఆ పిల్ల చెయ్యి విదిలించుకుంది, వెనక్కి తిరిగింది.

"నేను యాడికి పోను! గిదే వెయిట్ల ఉంట, రా!" అని అరిచింది.

గెలిచినవాళ్ళ నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.