వసారాలో స్పీకరు

మా తమ్ముడి కూతురు పొద్దున ఒక మాట అనేసి ఆఫీసుకు వెళ్ళిపోయింది గానీ, అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. చూపులేనివాళ్ళు చప్పుళ్ళు విని ఆడుకునే కంప్యూటరు ఆటలు తయారుచేయడం మా ఇద్దరి వ్యాపకం. ఈసారి ఆట పాత కంప్యూటర్ల మీద నడవనక్కరలేదని, వాటిని పట్టుకుని వేలాడితే కొత్త పని సాగదని ఆ పిల్ల తీర్మానం. ఆ మాటలో అబద్ధం లేదు, అందుకే మరింత చిరాకు. సాయంత్రానికల్లా అవునో కాదో చెప్పాలి. కాఫీ చల్లారిపోయింది, గేటు దాకా వెళ్ళడం, మళ్ళీ రావడం, ఇదే పని. ప్రాణమంతా వాకాడు దగ్గర మా అక్క ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు చుట్టూనే తిరుగుతోంది.

మీరూ నా ఈడువాళ్ళే అయితే ఆ కాలపు కంప్యూటరు గుర్తుండే ఉంటుంది: బండెడు బరువు, మీట నొక్కి అది మేలుకునేలోపు స్నానం ముగించుకు రావచ్చు. నెల్లూరులో నేను కంప్యూటరు పాఠాలు చెప్పే సెంటరువాళ్ళు పాతవాటిని మూలపడేస్తే, ఒకటి అడిగి తీసుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఊరికి మోసుకెళ్ళాను. మావాళ్ళు సముద్రంలో చేపల వేట మీద బతికేవాళ్ళు. అక్కకు పసితనంలోనే చూపు పోయింది. నాన్న పడవ అల్లంత దూరాన ఉండగానే చప్పుడును బట్టి పోల్చి చెప్పే మనిషి, తనను మాత్రం ఎవరూ పడవ ఎక్కించుకోరని జీవితమంతా ఉడుక్కుంది. ఆవిడను వేటకు పంపాలనే పంతంతోనే నా మొదటి ఆట రాశాను. కుడి స్పీకర్లో చేప ఎగిరితే కుడికి, ఎడమ స్పీకర్లో ఎగిరితే ఎడమకు పడవ తిప్పి వల వేయాలి.

తరవాత ఊరెళ్ళి చూస్తే, అక్క ఎడమ స్పీకరుకు తీగ పొడిగించి వసారాలో పెట్టించింది. మా వీధిలో రేడియో అయినా టేపురికార్డరైనా ఇంట్లోవాళ్ళకు మాత్రమే వినపడేలా పెట్టుకోవడం మర్యాద కాదు, నలుగురూ వినాలి. దాంతో ఎడమ పక్క చేపలన్నీ వసారాలో వలలు బాగుచేసుకునేవాళ్ళకే వినపడుతున్నాయి. వాళ్ళేమో పని పక్కనపెట్టి, "ఎడం పక్కకు తిప్పక్కా, పోతా ఉండాది!" అని కేకలు. చేప తప్పిపోతే అక్కను తిట్టేదీ వాళ్ళే. స్పీకరు లోపల పెట్టుకోమంటే, "వాళ్ళేం పాపం చేసినార్రా?" అని నన్నే కసిరింది.

ఇక నేనే దారికొచ్చాను. స్పీకరు ఎక్కడున్నా దిక్కు తెలియాలంటే చప్పుడే వేరుగా ఉండాలి కనుక, తరవాతి ఆటలో సముద్రం వైపు తిరిగితే అలల హోరు, ఊరి వైపు తిరిగితే కోళ్ళ కూతలు పెట్టాను. ఆ ముసలి యంత్రం, ఆటలో తెడ్డు వేసిన ఎంతసేపటికో గానీ నీళ్ళ చప్పుడు వినిపించేది కాదు, అందుకని చప్పుళ్ళన్నీ కుదించి ఆట మొదలవకముందే సిద్ధంగా ఉంచేవాణ్ణి. అప్పటినుంచి ఏ ఆటైనా ముందు అక్కకు పంపి, దాని మీద నడిచిందని ఆవిడ ఫోన్లో చెప్పాకే బయటికి వదిలాను. కొత్తది కొనిచ్చాను గానీ, తెర మీది మాటలు చదివి వినిపించే దాని గొంతు పరాయి మనిషిదిలా ఉందని అక్క ముట్టుకోదు.

మధ్యాహ్నం ఇక ఆగలేక అక్కకే ఫోన్ చేశాను. కొత్త ఆట నీ కంప్యూటరు మీద నడవకపోవచ్చని చెప్పడానికి నోరు రాలేదు. వసారాలో జనం ఏమంటున్నారని అడిగాను.

"ఏ జనంరా? అందరూ చెవుల్లో అవేందో పెట్టుకోని ఎవురి ఫోను వాళ్ళు చూసుకుంటా ఉండారు. ఆ స్పీకరు లోపలికి తెచ్చుకోని చానా కాలమైంది. నీ మొదటి ఆట పెట్టుకుంటే ఎడం పక్క చేపలు కూడా ఇప్పుడు నాకే ఇనపడతాయి," అంది, నవ్వుతూనే.

ఫోన్ పెట్టేసి, పాతవాటిని వదలొద్దని తమ్ముడి కూతురికి చెప్పేశాను. గొణిగింది గానీ ఒప్పుకుంది. అయినా నా మనసు కుదుటపడలేదు. ఇన్నేళ్ళూ ఆ యంత్రం ఆగిపోకుండా కాచుకుంటూ వచ్చాను, దాని చుట్టూ చేరినవాళ్ళు ఎప్పుడు లేచి వెళ్ళిపోయారో నాకు తెలియనే లేదు. ఈ ఆదివారం ఊరెళ్ళి, ఆ స్పీకరు మళ్ళీ వసారాలో పెట్టి, దాని పక్కనే కూర్చుంటాను. ఎడమ పక్క చేప ఎగిరినప్పుడు కేక వేయడానికి ఒక్కడైనా ఉండాలి కదా.